లీకు ఆగింది, వేడి ఆగలేదు: ఒక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూలర్ లైన్ కేసు

ఈ కేసులో ఇద్దరు తప్పు చేశారు. మొదటివాళ్లెవరో నాకు తెలీదు, వేరే ఊళ్లో చేశారు. రెండోవాణ్ణి నేనే. వాళ్ల తప్పు కంటికి కనబడింది, నూనె కారింది కాబట్టి. నాది కనబడలేదు. కింద చుక్క లేదు, కొత్త పైపు నిగనిగలాడుతోంది, కొండెక్కేసరికి మాత్రం బండి కాగిపోతోంది. అందుకే రాస్తున్నాను. ఓనరు వివరాలు, బండి పేరు చెప్పను, పని అర్థం కావడానికి వాటి అవసరం లేదు.

బండి, దాని తిరుగుడు

తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపు నాకు చిన్న షెడ్డు ఉంది. 19 ఏళ్లుగా ఇదే పని. మొదట్లో ఆటోమేటిక్ బండి ఏడాదికి ఒకటి వస్తే గొప్ప, ఇప్పుడు వారానికి రెండు మూడు వస్తున్నాయి. వాటిలో సగం ఏఎంటీలు. ఏఎంటీ అంటే మామూలు గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు యంత్రం చేస్తుంది, అంతే. దానికి నూనెను చల్లార్చడానికి తీసుకెళ్లే కూలర్ లైనూ ఉండదు, ఈ బాధా ఉండదు. కస్టమర్లకు మాత్రం రెండూ 'ఆటోమేటిక్కే'. అందుకని బోనెట్ ఎత్తగానే నేను మొదట చూసేది రేడియేటర్ కింద రెండు సన్న పైపులు వచ్చి కలుస్తున్నాయా అని.

ఈ బండికి కలుస్తున్నాయి. 2011 మోడల్ పెట్రోల్ సెడాన్, టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడును నూనె ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే భాగం) ఉన్న 4 గేర్ల ఆటోమేటిక్, మీటరు 1,12,000 కిలోమీటర్లు. గేర్‌బాక్స్‌లో కాగిన నూనె ఒక లైన్లో రేడియేటర్ కింది తొట్టికి వెళ్తుంది. ఆ తొట్టి లోపల నూనె కోసం విడిగా ఒక చిన్న కూలర్ ఉంటుంది, దాని చుట్టూ కూలెంట్ పారుతుంది. అక్కడ చల్లబడిన నూనె రెండో లైన్లో బాక్సుకు తిరిగొస్తుంది. రెండు లైన్లూ 8 ఎంఎం స్టీలు పైపులే. రేడియేటర్ చివర జానెడు రబ్బరు హోస్ ఉంటుంది. గేర్‌బాక్స్ చివర పైపుకు అతికించిన బాంజో కన్ను, అంటే ఉంగరంలాంటి చివర, దానిలోంచి దూరే బోల్టు.

ఓనరు రిటైరైన ఉద్యోగి. తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్లకు చుట్టాల కొరత ఉండదు. నెలకు నాలుగైదు సార్లు బండి కొండెక్కాల్సిందే. ఐదుగురు మనుషులు, ఏసీ, మే నెల.

ఘాట్ రోడ్డు సంగతి కొంచెం చెప్పాలి, కేసు సగం అందులోనే ఉంది. అలిపిరి నుంచి పైకి దాదాపు 18 కిలోమీటర్లు. 28 నిమిషాల కంటే ముందే పైకి చేరితే జరిమానా. అంటే సగటున గంటకు 38 కిలోమీటర్లు దాటడానికి లేదు. మలుపులు, ముందు బస్సు, వెనక జీపు. ఆ వేగంలో, ఆ ఎత్తులో టార్క్ కన్వర్టర్ లోపల ఇంజన్‌నూ బాక్సునూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ సరిగా పట్టుకోదు. ఇంజన్ తిప్పేది ఒక వేగం, గేర్‌బాక్స్ తిరిగేది ఇంకో వేగం. మధ్యలో నూనె చిలకబడుతూ ఉంటుంది. ఆ చిలకడమే వేడి. హైవే మీద చెన్నైకి మూడు గంటలు పోయినా రాని వేడి ఈ అరగంటలో వస్తుంది.

ఏం చెప్పాడు, నేనేం చూశాను

"ఏమప్పా, కొండమింద పార్కింగులో బండి కింద ఎర్రగా చుక్కలు పడినాయి. రక్తం మాదిరి. మా ఇంట్లో వాళ్లు భయపడిపోయినారు" అన్నాడు ఫోన్లో.

"సార్, బండి స్టార్ట్ చేయొద్దు. లాగించుకొని రండి" అన్నాను.

"ఇంటికొచ్చేసినాను కదప్పా ఎప్పుడో."

సాయంత్రం తనే నడుపుకుంటూ వచ్చాడు. డీలో (డ్రైవ్) వేస్తే రెండు సెకన్లు ఆలోచించి గానీ పట్టుకోవడం లేదు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజన్ ఒక్కసారి రొద పెట్టి, ఆ తర్వాత వెనక నుంచి ఎవరో గుద్దినట్టు పట్టుకుంటోంది.

నూనె మట్టం చూపే డిప్‌స్టిక్‌ను ఈ బండికి ఇంజన్ వేడెక్కాక, ఐడిల్‌లో, గేర్లన్నీ ఒకసారి తిప్పి పీలో (పార్కింగ్) పెట్టి చూడాలి. ఇంజన్ ఆపి చూడాల్సిన బండ్లూ ఉన్నాయి. మాన్యువల్ చూడకుండా డిప్‌స్టిక్ లాగితే అది చెప్పేదానికి అర్థం లేదు. చూస్తే మట్టం కింది గీతకు కూడా అందలేదు. రంగు డికాక్షన్, వాసన మాడిన వాసన.

లీకు వెతికే ముందు ఇంకోటి చూశాను, దాన్ని బట్టే దారి మారుతుంది. రేడియేటర్ లోపలి కూలర్ చిల్లు పడితే కూలెంట్ నూనెలోకి దిగుతుంది. అప్పుడు డిప్‌స్టిక్ మీద నూనె రోజ్ మిల్క్‌లా కనబడుతుంది. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల మీది పొరను వదులు చేస్తుంది. అలా అయితే లైన్లు మార్చడం దండగ, గేర్‌బాక్స్ దించాల్సిందే. ఇక్కడ నూనె నల్లబడిందే గానీ పాలలా లేదు. రేడియేటర్ మూత లోపల జిడ్డూ లేదు. సరే, ఇది లైన్ల కేసే అనుకున్నాను. ఆ అనుకోవడం తప్పు కాదు. ఆ తర్వాత చేసిందే తప్పు.

రాగి పైపు

కింద అంతా కడిగి, ఆరబెట్టి, టాల్కమ్ పౌడర్ చల్లి ఇంజన్ వేశాం. ఐదు నిమిషాల్లో తడి ఎక్కడ మొదలైందో కనబడింది.

రెండు లైన్లలో మొదట వేడెక్కేది బాక్సు నుంచి బయటికి వెళ్లే లైను. చల్లటి ఇంజన్ వేసి రెంటి మీదా చేతులు పెడితే ఏది ఏదో తెలిసిపోతుంది. లీకు ఆ వెళ్లే లైన్లోనే ఉంది. కొన్ని నెలల కిందట దూర ప్రయాణంలో రాయి తగిలి అది వంగిపోతే, ఎవరో మధ్య ముక్క కోసేసి, ఏసీ పనికి వాడే రాగి ట్యూబు పెట్టి, రెండు చివర్లా ఇత్తడి ఫెర్రుల్ యూనియన్లతో (పైపును ఉంగరంతో నొక్కి పట్టే జాయింట్లు) బిగించారు. చూడ్డానికి శుభ్రమైన పనే. రాగి చేత్తో వంగుతుంది, ఎక్కడైనా దొరుకుతుంది, కోసేవాడికి హాయి.

చిక్కల్లా ఎక్కడంటే, రాగి కదిలిన కొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డాక విరుగుతుంది. ఇంజన్, గేర్‌బాక్స్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటాయి. డీలో వేసిన ప్రతిసారీ, గేరు మారిన ప్రతిసారీ కొంచెం ఊగుతాయి. వీళ్లేమో రాగి పైపును క్లిప్పుతో బండి ఛాసిస్‌కు బిగించారు. ఒక చివర ఊగే గేర్‌బాక్స్, ఇంకో చివర ఊగని ఛాసిస్. ఆ ఊపంతా ఫెర్రుల్ అంచు దగ్గర రాగి మీద పడింది. భూతద్దం పెడితే ఫెర్రుల్‌ను ఆనుకునే సన్నటి పగులు, చుట్టూ సగం దాకా.

ఇలాంటి చోట యూనియన్ బిగించడం, సీలెంట్ పూయడం నేను చేయను. పగిలింది లోహం, కీలు కాదు.

మొదటిసారి నేను చేసింది

కంపెనీ లైను కోసం అడిగితే ఐదు వారాలన్నారు. ఓనరుకు పది రోజుల్లో కూతురు అత్తగారి వాళ్లు వస్తున్నారు. సరే, చేసేద్దామన్నాను.

దేంతో చేయాలి? షెడ్డులో బ్రేక్ పైపు చుట్ట ఉంది, కానీ అది 4.75 ఎంఎం. దాన్ని అడాప్టర్లతో ఈ లైన్లో ఇరికించిన బండ్లు నేను చూశాను, వాటి గేర్‌బాక్స్‌లు కూడా చూశాను, విప్పదీసి బల్ల మీద. అది వద్దు. పొడుగంతా రబ్బరు హోస్ వేయడం ఇంకో దారి. లైను ఎగ్జాస్ట్ పక్కన జానెడు దూరంలో పోతుంది, కింద నుంచి రాళ్లు తగులుతాయి. అదీ వద్దు. స్టీలే కావాలి.

జేసీబీల హైడ్రాలిక్ పని చేసే షాపులో 8 ఎంఎం స్టీలు ట్యూబు దొరికింది. బయటి కొలత సరిపోయింది కదా అని తెచ్చేశాను. లోపలి కొలత చూడలేదు. పాత పైపు గోడ 0.7 ఎంఎం, అంటే లోపల 6.6. ఈ ట్యూబు గోడ 1 ఎంఎం, లోపల 6. ఎంతలే, అరమిల్లీమీటరు అనుకుంటాం. సన్న పైపులో నూనె పారేటప్పుడు లెక్క వ్యాసానికి నాలుగో ఘాతం. 6ని 6.6తో భాగించి నాలుగుసార్లు గుణిస్తే 0.68. అదే ఒత్తిడికి మూడో వంతు నూనె తగ్గిపోయినట్టే. ఈ లెక్క నేను తర్వాత వేసింది. ముందే వేసుంటే ఈ కేసే లేదు.

రెండోది వంపు. నా బెండరుకు 8 ఎంఎం గాడి లేదు. పాత పుల్లీ ఒకటి వైసులో బిగించి దాని చుట్టూ చేత్తో వంచాను. క్రాస్‌మెంబర్ (బండి కింది అడ్డకమ్మి) దగ్గర వంపు కొద్దిగా చదునైంది. చూశాను, ఫర్వాలేదనుకున్నాను.

మూడోది నాకు ఇప్పటికీ సిగ్గనిపించేది. బాంజో కన్ను పాత పైపుకు అతికి ఉంది, విడిగా దొరకదు. దాన్ని విప్పకుండా, బండి మీదే, చిన్న ట్యూబ్ కట్టర్‌తో పాత పైపును నాలుగంగుళాల దగ్గర కోసి, అక్కడి నుంచి మంచి హోస్ ముక్కతో కొత్త పైపుకు కలిపాను. ట్యూబ్ కట్టర్ పైపును కోయదు, నొక్కి తెంపుతుంది. తెగిన చోట అంచు లోపలికి ముడుచుకుంటుంది. రీమర్‌తో దాన్ని తీసేయాలని నా దగ్గర పని నేర్చుకునే పిల్లాడికి నేనే చెప్తుంటాను. ఆ ఇరుకులో రీమర్ దూరలేదు. వదిలేశాను.

కొత్త నూనె మూడు లీటర్లు పోసి మట్టం సరిచేశాం. పది నిమిషాలు ఇంజన్ నడిపి తెల్ల కాగితంతో తుడిచి చూశాం, మరక లేదు. చంద్రగిరి దాకా పోయి వచ్చాం, మరక లేదు. గేరు కూడా కొంచెం మెత్తబడింది. ఓనరు సంతోషం, నేనూ సంతోషం.

మళ్లీ వచ్చింది

పన్నెండో రోజు ఫోను. "లీకు లేదు నాయనా, చుక్క గూడా లేదు. కానీ పైకి పోయేటప్పుడు ఆఖరి మలుపుల్లో బండి లాగడం ల్యా. ఇంజన్ అరస్తా ఉండాది, బండి కదల్దే."

ఈసారి నేనూ ఎక్కాను. అలిపిరి దాటకముందే రెండు లైన్ల మీదా నల్ల టేపు ముక్కలు అంటించాను. ఇన్‌ఫ్రారెడ్ గన్ను మెరిసే లోహం మీద పెడితే అసలు వేడి కంటే చాలా తక్కువ చూపిస్తుంది, నల్ల టేపు మీద పెడితేనే నమ్మొచ్చు. పైకి చేరి పార్కింగులో ఇంజన్ ఐడిల్‌లో ఉండగానే కొలిచాను. వెళ్లే లైను 126 డిగ్రీలు, తిరిగొచ్చే లైను 88.

అక్కడ నిలబడి నేను చెప్పిన మాట ఇది: "సార్, కూలర్ బ్రహ్మాండంగా పని చేస్తోంది. 38 డిగ్రీలు లాగేస్తోంది. అంత వేడి పుడుతోందంటే బాక్సు లోపల క్లచ్‌లే పోయాయి."

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అయితే అమ్మేద్దామా?" అన్నాడు.

బండి చల్లారాక దిగడం మొదలుపెట్టాం. దిగడానికి 40 నిమిషాల నియమం, తక్కువ గేరులో నింపాదిగా వస్తున్నాం, ఆలోచించుకోవడానికి టైముంది. 88 నాకు నచ్చలేదు. బాక్సు అంత వేడిలో ఉంటే తిరిగొచ్చే నూనె అంత చక్కగా కూలెంట్ వేడికే దిగిపోవడమేమిటి? నూనె రేడియేటర్లో తీరిగ్గా కూర్చుంటే తప్ప అలా కాదు. తీరిగ్గా కూర్చుంటోందంటే మెల్లగా పారుతోంది.

బ్రహ్మోత్సవాల రోజుల్లో తిరుపతి బస్టాండు చూడండి. వచ్చిన ప్రతి బస్సూ కిటకిటలాడుతూ పోతుంది. బస్సు నిండింది కదా, జనం బాగా పోతున్నారు అనుకుంటే పొరపాటు. గంటకు ఎన్ని బస్సులు పోతున్నాయో లెక్కపెట్టాలి. రెండు లైన్ల మధ్య 38 డిగ్రీల తేడా అంటే నిండిన బస్సు. బస్సులు ఎన్ని అన్నది నేను చూడనే లేదు.

పాల లీటరుతో పరీక్ష

మర్నాడు షెడ్డులో చేసిన పరీక్షకు పరికరాలు మూడు: స్టీలు పాల కొలత లీటరుది, ఫోన్లో స్టాప్‌వాచ్, తాళం దగ్గర పిల్లాడు. ప్లాస్టిక్ సీసా పనికిరాదు, వేడి నూనెకు మెత్తబడిపోతుంది. నేను "ఆన్" అంటే వేయాలి, "ఆఫ్" అంటే ఆపేయాలి. లీటరు నిండగానే ఆపి, అంతే నూనె తిరిగి పోశాకే తర్వాతి పరీక్ష. బాక్సును ఎండబెట్టి నడిపితే పంపు పోతుంది.

మామూలుగా వేడెక్కిన బాక్సు ఐడిల్‌లో 20 నుంచి 30 సెకన్లలో లీటరు నూనె తిప్పాలన్నది నేను పెట్టుకున్న గీత.

మొదట తిరిగొచ్చే లైను గేర్‌బాక్స్ చివర విప్పి పట్టాం. చుట్టంతా తిరిగొచ్చిన నూనె అది. 65 సెకన్లు. ఎక్కడో అడ్డుంది. ఇక్కడ ఆగిపోతే చాలామంది చేసే పని రేడియేటర్ మార్చడం. మాడిన నూనెలో వచ్చే మసి కూలర్‌లో పేరుకోవడం మామూలే కాబట్టి అనుమానం అటే పోతుంది. నా నోటి దాకా కూడా వచ్చింది.

రెండోసారి వెళ్లే లైనును రేడియేటర్ దగ్గర విప్పి పట్టాం. కూలర్, తిరుగు లైను ఇప్పుడు లెక్కలో లేవు. 58 సెకన్లు. అంటే కూలర్ తీసేసినా పెద్ద తేడా లేదు. కూలర్ నిర్దోషి.

మూడోసారి గేర్‌బాక్స్ దగ్గరే, బాంజోకు చిన్న హోస్ తగిలించి నేరుగా కొలతలోకి. 18 సెకన్లు. పంపు బంగారం.

మిగిలింది మధ్యలోని పైపు. నేను చేసిన పైపు.

పిల్లాడు నా మొహం చూసి ఏమీ అనలేదు. "అన్నా, టీ తెస్తా" అని పోయాడు.

పైపు విప్పి, సైకిల్ ముందు చక్రం హబ్బులో వేసే ఇనప గుండు (3/16 అంగుళం, అంటే 4.76 ఎంఎం) ఒకటి లోపల వేశాను. క్రాస్‌మెంబర్ వంపు దగ్గర ఆగింది. పాత పైపు ముక్కలో ఇంకోటి వేశాను. కోసిన అంచు దగ్గర ఆగింది. హాక్సాతో నిలువునా చీలిస్తే వంపు దగ్గర రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో ఉంది, ఇరుకు వైపు మూడున్నర మిల్లీమీటర్లు. మందం ట్యూబు, చదునైన వంపు, ముడిచిన అంచు. ఏ ఒక్కటీ ఒంటరిగా బండిని ఆపేది కాదు. మూడూ వరసగా నిలబడ్డాయి.

నూనె ఎంత వేడి మోసుకుపోతోందో లెక్క కూడా వేశాను. 65 సెకన్లకు లీటరంటే నిమిషానికి 0.92 లీటరు. దాన్ని 38తో గుణిస్తే 35. ఈ అంకెను గుర్తు పెట్టుకోండి, కిందకొస్తుంది.

ఏం చేయలేదు, ఎందుకు

ఓనరు లారీలకు ఉన్నట్టు ముందు ఇంకో ఆయిల్ కూలర్ పెట్టమన్నాడు. పెట్టొచ్చు. బరువు లాగే బండ్లకు పెడతాను, రేడియేటర్ దాటాక తిరుగు లైన్లో. కానీ ఇక్కడ కూలర్ చాలక వేడి రాలేదు, కూలర్ దాకా నూనె చేరక వచ్చింది. అడ్డు అలాగే ఉంచి ఇంకో కూలర్ తగిలిస్తే దాని గొట్టాలు కూడా అడ్డుకు తోడవుతాయి. కంపెనీ ఇచ్చిన కూలరే రాయి తగిలేదాకా ఇన్నేళ్లు కొండెక్కింది. పక్కన పెట్టాను.

బాక్సు దించి విప్పడం కూడా అప్పుడే వద్దన్నాను. ఆయిల్ పాన్ విప్పి చూస్తే అయస్కాంతం మీద మెత్తటి బూడిద రంగు ముద్ద, అది మామూలు అరుగుదలే. కొంచెం నల్ల పొడి ఉంది, అది క్లచ్ ప్లేట్ల పొర, మంచి సంకేతం కాదు. కానీ మెరిసే ఇత్తడి తునకలు గానీ, ఇనప రేకులు గానీ లేవు. ఒక అవకాశం ఇద్దామన్నాను. నూనె మార్చాక మూడు వందల కిలోమీటర్లలో తేలిపోతుంది.

రెండోసారి

చెన్నైలో తెలిసిన విడిభాగాల ఆయన బస్సులో పంపాడు: 8 ఎంఎం, 0.7 గోడ, రెండు పొరల స్టీలు ట్యూబు, పైన తుప్పు పట్టకుండా పూత. రాగి, నికెల్ కలిపిన ట్యూబు ఇంకా మంచిది, తుప్పు పట్టదు, మెత్తగా వంగుతుంది. ఆ వారంలో దొరకలేదు. 8 ఎంఎం గాడి ఉన్న లీవర్ బెండరు కూడా కొనేశాను, ఆ ఖర్చు ఓనరు మీద వేయలేదు.

చెక్కుచెదరని పాత లైను మన దగ్గర లేదు కాబట్టి ముందు మందపాటి జీఐ తీగతో అచ్చు చేసుకున్నాను. గేర్‌బాక్స్ నుంచి రేడియేటర్ దాకా బండి కిందే పడుకుని తీగ వంచుతూ పోవడం. ఎగ్జాస్ట్‌కు దూరంగా, స్టీరింగ్ రాడ్ ఊగే చోటు వదిలి, ఛాసిస్‌కు ఎక్కడా తగలకుండా. గంటన్నర పట్టింది. పైపు వంచడం ఇరవై నిమిషాల పని. తీగ మీద ఎంత ఓపిక పడితే పైపు మీద అంత సుఖం. వంపులన్నీ ఒక చివర నుంచే మొదలుపెట్టి వరసగా వేయాలి. రెండు వైపుల నుంచీ వస్తే మధ్యలో కలవవు. 25 ఎంఎం వ్యాసార్థం కంటే బిగువుగా ఏ వంపూ వేయలేదు.

ఈసారి బాంజో బోల్టు విప్పి కన్నును బల్ల మీదకు తెచ్చాను. పాత పైపు చివర సరిగా కోసి, రీమర్‌తో అంచు తీసి, గాలి కొట్టాను. హోస్ ఎక్కే ప్రతి పైపు చివరా ఉబ్బు ఉండాలి, లేకపోతే వేడికి, ఒత్తిడికి హోస్ మెల్లగా జారిపోతుంది. డబుల్ ఫ్లేరింగ్ సెట్టులో మొదటి నొక్కు దగ్గరే ఆపేస్తే చివర గుండ్రటి ఉబ్బు వస్తుంది, అదే మనకు కావాల్సింది. మొదటిసారి బండి మీద మిగిల్చిన ముక్కకు ఇది కూడా చేయలేదని ఒప్పుకుంటున్నాను. కారకపోవడం అదృష్టం.

హోస్ విషయంలో బజార్లో 'ఆయిల్ హోస్' అనే మాటకు అర్థం లేదు. పెట్రోల్ హోస్ ఈ వేడికి గట్టిపడి పగులుతుంది. గేర్‌బాక్స్ నూనె కూలర్ హోస్ మీద ఎస్ఏఈ జె1532 అని అచ్చు ఉంటుంది, అది చూసే కొన్నాను. ఉబ్బు దాటి కనీసం అంగుళం లోపలికి తోసి, క్లాంప్ ఉబ్బుకు వెనక వేయాలి, ఉబ్బు మీద కాదు. పట్టీకి చిల్లులున్న వార్మ్ క్లాంపులు రబ్బరును కోరుకుతాయి, నున్నటి పట్టీ ఉన్నవి వేశాను. బాంజోకు రెండు వైపులా కొత్త వాషర్లు, బిగింపు మాన్యువల్లో చెప్పినంత.

క్లిప్పులన్నీ గేర్‌బాక్స్, ఇంజన్ వైపే, అడుగుకొకటి, రబ్బరు పొరతో. స్టీలు పైపు ఇంజన్‌తో పాటే ఊగుతుంది. ఊగని రేడియేటర్‌కూ ఊగే పైపుకూ మధ్య తేడాను చివరి రబ్బరు హోస్ మింగుతుంది. రాగి పైపు పగిలింది ఈ ఒక్క విషయం దగ్గరే.

బిగించే ముందు సైకిల్ గుండు వేశాం. ఒక చివర వేస్తే ఇంకో చివర పిల్లాడి అరచేతిలో టక్కున పడింది. గుండు బయటికి వచ్చిందని చేత్తో పట్టుకుని చూశాకే లైను బిగించాలి. లోపల ఉండిపోతే అంతే సంగతులు. పైపు లోపల కొత్త నూనెతో కడిగాం, రాపిడి పొడి ఉంటే కూలర్ దాటి నేరుగా బాక్సులోకే పోతుంది.

నూనె ఒక్కసారి దింపితే 3 లీటర్లే వస్తుంది, బాక్సులో, కన్వర్టర్‌లో కలిపి పట్టేది ఆరున్నర. ఒత్తిడి యంత్రంతో మొత్తం కడిగేయడం నాకిష్టం లేదు, మాడిన బాక్సులో పేరుకున్న మసిని అది లేపి వాల్వులలోకి తోస్తుంది. కంపెనీ చెప్పిన నూనే, 3 లీటర్ల చొప్పున, మధ్యలో వంద కిలోమీటర్లు తిప్పి మూడుసార్లు మార్చాం. మొదటిసారికి 46 శాతం కొత్త నూనె, రెండోసారికి 71, మూడోసారికి 84. అంత చాలు.

పాల లీటరు మళ్లీ పట్టాం. చుట్టంతా తిరిగి 22 సెకన్లు.

జూన్ మొదటి వారం, అదే ఐదుగురు, అదే ఏసీ. ఎండ మేలో కంటే కొంచెం తక్కువే, అది చెప్పాలి. ఓవర్ డ్రైవ్ (అన్నిటికంటే పై గేరు) ఆపేయమన్నాను. ఘాట్‌లో డీలో వదిలేస్తే బాక్సు పైగేరుకు, కిందగేరుకు మధ్య కొట్టుకుంటూ ఇంకా కాగుతుంది. పైన పార్కింగులో టేపు మీద గన్ను పెట్టాను. వెళ్లే లైను 98, తిరిగొచ్చేది 86.

తేడా 12 డిగ్రీలే. నెల కిందట ఇదే అంకె చూసి ఉంటే కూలర్ పని చేయడం లేదనేవాణ్ణి. నిమిషానికి 2.7 లీటర్లు, గుణించు 12 అంటే 33. ఇంతకు ముందు 35. పోతున్న వేడి దాదాపు అంతే. అప్పుడు అంత వేడిని ఆ ఇరుకులోంచి నెట్టడానికి బాక్సు 126 దాకా కాగాల్సి వచ్చింది, ఇప్పుడు 98కే పని అయిపోతోంది.

తర్వాత

వెయ్యి కిలోమీటర్లకు ఒకసారి, బ్రహ్మోత్సవాలు అయ్యాక ఒకసారి బండి తెమ్మన్నాను. మొదటిసారి ఒక క్లాంపు పావు చుట్టు తిరిగింది, కొత్త హోస్ కూర్చున్నాక మామూలే. రెండోసారి ఏదీ తిరగలేదు. నూనె రంగు ఎర్రగానే ఉంది.

పొద్దున చల్లగా ఉన్నప్పుడు రెండు నుంచి మూడుకు మారేటప్పుడు సన్నటి కుదుపు మాత్రం ఉంది, వేడెక్కాక పోతోంది. రాగి పైపు రోజులూ, నా పన్నెండు రోజులూ కలిసి ఆ క్లచ్ మీద తిన్నది తిరిగి రాదు. ఎంతకాలం వస్తుందని అడిగాడు. చెప్పలేనన్నాను. పెరిగితే బాక్సు విప్పాల్సిందేనని, రెండో తప్పుకు కూలీ తీసుకోనని చెప్పాను.

"అదంతా తర్వాత చూద్దాంలేప్పా. ఆదివారం మా వియ్యపురాలి చెల్లెలోళ్లు వస్తా ఉండారు, పైకి పోవచ్చునా?" అన్నాడు.

పోవచ్చన్నాను. ఓవర్ డ్రైవ్ ఆపమని మళ్లీ చెప్పాను.